దుంప తెగ

మా అమ్మకి వచ్చిన తిట్టు ఒక్కటే. "నీ దుంప తెగ." దాన్ని తిట్టు అనడం కూడా అన్యాయమే. పాలు పొంగినా, పిల్లి గోడ దూకినా, కొడుకు పరీక్ష పాసైనా నోట్లోంచి వచ్చేది ఆ మాటే. అందులో ఎక్కువ వాటా మా అన్నయ్యది. కాలికి బలపం కట్టుకుని తిరిగే మనిషి, ఇంటికొచ్చిన పూట నుంచి మళ్లీ సంచీ సర్దుకునే దాకా దుంప తెగించుకుంటూనే ఉండేవాడు.

నాది మొక్కల పరిశోధన సంస్థలో ఉద్యోగం. అల్లం, పసుపు, ఏలకులు, వాటి చుట్టపక్కాలు నా పని. పక్క గదులవాళ్లు మా విభాగానికి 'దుంపతెగ' అని పేరు పెట్టారు. తెగ అంటే జాతేలే అని మేం సర్దుకునేవాళ్లం. అన్నయ్యకి చెబితే పడీపడీ నవ్వాడు.

"ఇంట్లో నా దుంప తెగుతుంది, ఆఫీసులో నువ్వే దుంపతెగవి. అమ్మకి ఇద్దరం సరిపోయాం."

అన్నయ్య రోడ్డు పనుల్లో సర్వేయరు. కొండ మీదుగా కొత్త రోడ్డు వేస్తుంటే దానికి కొలతలు తీసేవాడు. ఒకసారి తడి గోనెగుడ్డలో ఏదో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. విప్పితే మట్టి అంటిన దుంప, దానికి రెండు ఆకులు.

"మీ చుట్టమే అనుకుంటా. రోడ్డు పోయే దారిలో ఉంది. ఎలాగూ తవ్వేస్తారు, నీ దగ్గరన్నా ఉంటుందని తెచ్చా."

ఆకు నలిపి చూశాను. అల్లం వాసన కాదు, పసుపు వాసన కాదు, మామిడికాయ జీడి వాసన. ఏమిటో తేలలేదు. పువ్వు చూస్తే గాని చెప్పలేనని కుండీలో పాతి పెరటి గుమ్మం పక్కన పెట్టాను.

ఆ వానాకాలంలోనే కొండచరియ విరిగింది. అన్నయ్య దాని కిందే ఉన్నాడు.

ఆ రోజు బయల్దేరినవాడు టిఫిను డబ్బా మర్చిపోయి వెనక్కి వచ్చాడు. అమ్మ డబ్బా చేతిలో పెడుతూ, "నీ దుంప తెగ, ఏదో రోజు తల కూడా మర్చిపోయి వెళ్తావు" అంది. వాడు నవ్వుతూ వెళ్లాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆ మాట వినపడలేదు. పాలు పొంగితే అమ్మ మాట్లాడకుండా మంట తగ్గిస్తుంది. తన నోరే కొడుక్కి తగిలిందని ఆవిడ నమ్మకం. కొండని నిలువునా కోసింది యంత్రాలమ్మా, నీ మాట కాదమ్మా అని చెప్పి చెప్పి నా గొంతు అరిగిపోయింది. కొండ మొదలు తొలచమని సంతకాలు పెట్టినవాళ్లు హాయిగా నిద్రపోతున్నారు. మా అమ్మ మాత్రం తన నాలుక మీద తనే కేసు పెట్టుకుని కూర్చుంది. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరుసటి వానల్లో కుండీ పూసింది. ఆకుల మధ్య నుంచి కాదు, పక్కన మట్టిని చీల్చుకుని మొగ్గ వచ్చింది. ఈ పువ్వులు పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి జావైపోతాయి. అందుకని పెరట్లోనే పీట వేసుకుని భూతద్దం, స్కేలు పట్టుకు కూర్చున్నాను. తెల్లటి రేకులు, వాటి ముందు వెడల్పాటి పెదవి, పెదవి నడుమ పసుపు మచ్చ, మచ్చ చుట్టూ నూగు. నూగు అలా ఉండటం నేనెక్కడా చూడలేదు. మా పెద్దసారు వచ్చి వంగి చూసి, చాలాసేపు లేవలేదు.

"కొత్తదేనమ్మా. అనుమానం లేదు," అన్నారు.

చుట్టుపక్కల కొండలన్నీ గాలించాం. ఎక్కడా దొరకలేదు. అది పుట్టిన చోట ఇప్పుడు రాళ్లగుట్ట ఉంది. అంటే లోకం మొత్తానికి మా పెరటి కుండీలోదే మిగిలింది.

ఆ మాట అమ్మకి చెప్పడం తేలికే. మిగతాది చెప్పడమే కష్టమైంది.

"అన్నయ్య పేరే పెడతానమ్మా. పేరుకి లాటిన్ తోకొకటి తగిలిస్తాం, అంతే."

"పెట్టు. నన్నడగడం దేనికి?"

"దుంప కోసి లోపలి రంగు రాయాలి. పువ్వూ ఆకూ దుంపా ఎండబెట్టి అట్టకి అతికించాలి. ఆ అట్ట లేకపోతే పేరు చెల్లదు."

"పేరు పెట్టడానికి చంపుతారా?"

"చంపడం కాదు. సగమే తీస్తాను. కన్ను ఉన్న ముక్క మళ్లీ పాతేస్తా. అల్లం అలాగే బతుకుతుంది, నీకు తెలియనిదా?"

అమ్మ కుండీని తన వైపు జరుపుకుంది.

"ఆ మాట నా ముందు అనకు," అంది.

నేను ఏ మాటా అనలేదు. ఆవిడకి వినపడింది, అంతే. అన్నయ్య పేరు పుస్తకాల్లో నిలుస్తుందన్న ఆశ మీద ఒప్పుకుంది గాని, నేను కత్తి తీసేసరికి లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. దుంప లోపల పాలలో నేరేడు రసం చుక్క పడ్డట్టు లేత ఊదా రంగు. అంత అందమైనది చూసి నాకు సంతోషం కలగకపోవడం అదే మొదలు.

మిగిలిన ముక్క చిగురు వేసింది. అమ్మ దానికి తెల్లారి ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు పోస్తూ కబుర్లు కూడా చెప్పేది. చలి తగ్గి ఎండలు ముదిరేసరికి ఆకులు పండుబారి వాలిపోయాయి.

"చచ్చిపోలేదమ్మా, నిద్రపోతోంది. మళ్లీ వానలు పడేదాకా చుక్క నీళ్లు కూడా పోయకు," అని చెప్పాను. తల ఊపింది.

ఆ మొక్క మీద నేను రాసిన వ్యాసం అచ్చుకి ముందు సరిచూడమని కాగితాలు వచ్చిన రోజు వాటిని పట్టుకుని ఇంటికి పరుగున వచ్చాను. అన్నయ్య పేరు మీద వేలు పెట్టి అమ్మకి చూపించాలని. అమ్మ పెరటి గుమ్మంలో కుండీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మట్టి నల్లగా, బురదగా ఉంది. వేలు దింపితే మెత్తగా తగిలింది, మురుగు వాసన వచ్చింది.

"నీళ్లు పోశావా?"

"రోజూ పోయలేదు. దాహం వేసినట్టు కనపడ్డప్పుడే." కుండీ అంచు తుడుస్తూ, "నువ్వు వద్దనే చెప్పావు. ఎండిన మట్టి చూస్తే చెయ్యి ఊరుకోలేదే," అంది.

మట్టంతా కాగితం మీద గుమ్మరించి వెతికాను. ఒక్క గట్టి కన్నైనా దొరుకుతుందేమోనని. దొరకలేదు.

"మాటతో వాణ్ణి, నీళ్లతో దీన్ని," అంది అమ్మ.

ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను. నన్ను తిట్టమ్మా, ఆ పాత తిట్టే తిట్టు, కోసింది నేనే కదా అన్నాను. అమ్మ కొంగుతో నా చేతుల మట్టి తుడిచింది గాని నోరు విప్పలేదు. కొంతసేపటికి పక్కన పడి ఉన్న కాగితాల వంక చూసింది.

"చదువు."

చదివాను. అన్నయ్య పేరు, లాటిన్ తోకతో సహా. ఆకు, పువ్వు, నూగు, దుంప లోపలి రంగు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

"అదీ చదువు."

"అడవిలో మరెక్కడా దొరకలేదు. ఒక్క మొక్క మాత్రం పెంపకంలో బతికి ఉంది."

"అది కొట్టెయ్యాలా?"

"కొట్టెయ్యాలమ్మా."

అమ్మ ఖాళీ కుండీని తీసుకెళ్లి ఎప్పుడూ ఉండే చోట, గుమ్మం పక్కన పెట్టింది.

"రేపు కొట్టేద్దువుగాని," అంది. "ఇవాళ్టికి ఉండనీ."