వీలునామాకు ఒక కారణం

కోడికూర వడ్డిస్తుంటే ఎడ్విన్ వంటింటి గోడకేసి చూస్తూ, "అక్కా, నీ తర్వాత ఈ గోడ పగలగొడితే కారు లోపలికి వస్తాది" అన్నాడు. అక్క అంటే సుకుమారి, వాడి సొంత అక్క. నేను గరిటె పట్టుకుని ఆ గోడ పక్కనే నిలబడి ఉన్నాను. వాడి లెక్కలో అప్పటికే లేను. అయినా వాడికి ఇంకో లెగ్ పీసు వేశాను, అలవాటు చెడ్డది.

ఉదయగిరిలో ఈ ఇంట్లో సుకుమారీ నేనూ పాతికేళ్లుగా ఉంటున్నాం. గవర్నమెంటు టీచరు గనక లోను ఆమెకిచ్చారు, ఇల్లు ఆమె పేరున ఉంది. వాళ్లమ్మ హన్నమ్మ పక్షవాతంతో మంచాన పడితే ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మానేసింది మాత్రం నేను. నేను బెడ్‌పాన్ తీసేటప్పుడు ఎడ్విన్ "వాసవక్క మా ఇంటి మనిషే" అనేవాడు. హన్నమ్మ పోయాక సమాధి రాయి మీద కుటుంబం పేర్లు చెక్కించేటప్పుడు ఫ్రెండునైపోయాను. ఎవరడిగినా సుకుమారి చెప్పేదీ అదే, "మా ఫ్రెండు" అని. వచ్చే నెల ఆమె రిటైరవుతుంది. ఫ్రెండుకు పెన్షన్ రాదు, వీలునామా లేకపోతే ఇల్లూ రాదు. ఆమెకేమైనా అయితే చీరలు సర్దుకోవడానికి ఎడ్విన్ నాకొక పూట టైమిస్తాడేమో.

వాడు వెళ్లగానే అడిగేశాను. "నీ తర్వాత నేనెక్కడికి పోవాల?"

"నాకేమవతాదే, షుగర్ కూడా లేదు" అంది. అంట్లు తోమడం ఆపి ఆమెను చూశాను. సోమవారం సెలవు పెట్టింది.

ఉదయగిరిలో అందరూ తెలిసినవాళ్లేనని, వీలునామా రాయించడానికి ఆత్మకూరు బస్సెక్కాం. రిజిస్ట్రారాఫీసు ఎదుట అరుగు మీదున్న దస్తావేజు లేఖరి పెంచలనరసయ్య మమ్మల్ని చూసి చటుక్కున లేచాడు. "నమస్తే టీచర్. టెన్త్‌లో మీరే సైన్సు చెప్పినారు." సుకుమారి తల పట్టుకుంది.

ఇల్లు నాకు రాయాలని చెబితే, "ఈయమ్మ మీకేమవతాది?" అన్నాడు. అరుగు మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు ఇటు తిరిగారు. సుకుమారి సంచిలోంచి ఇంటి కాగితాలు తీసి వాడి ముందు పెట్టింది.

"పోనీ, దత్తత తీసుకుంటారా టీచర్?"

నాకు యాభై ఏడు. "ఈ మోకాళ్లతో ఎవరి ఒళ్లో కూర్చోవాల నాయనా?" అన్నాను.

"అయితే ముసలితనంలో సేవలు చేసినందుకు అని రాస్తా. బయటివాళ్లకు అట్నే రాస్తాం."

సుకుమారి హమ్మయ్య అన్నట్టు తలూపింది. నాకు ఒళ్లు మండింది. వంట చేశాను, వాళ్లమ్మకు నీళ్లు పోశాను, నిజమే. అది సేవయితే కోపమొచ్చినప్పుడల్లా నేను అటు తిరిగి పడుకోవడమేమిటి, పొద్దున్నే ఆమె నా తల దువ్వి బతిమాలడమేమిటి? పనిమనిషికి ఇనాం ఇచ్చినట్టు ఇస్తుందా నాకు ఇల్లు?

"అట్ల రాస్తే నాకీ ఇల్లొద్దు. మీ తమ్ముడికే రాయి" అన్నాను.

"కాగితం మీద మాటే గదే."

"కాగితం మీదన్నా నిజం చెప్పు."

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత క్లాసులో నోట్సు చెప్పే గొంతుతో, "రాయి పెంచలనరసయ్యా. మేమిద్దరం పాతికేళ్లుగా కాపురం చేస్తా ఉండాం. అందుకని ఇస్తా ఉండాను" అంది.

పెన్ను ఆగింది.

"ఏందిరా ఆగినావు?"

టెన్త్‌లో తిన్న దెబ్బలు గుర్తొచ్చాయేమో, గబగబా రాసేశాడు.

రాసింది చదివి వినిపించడం వాళ్ల ఆనవాయితీ. సర్వే నంబరు, సరిహద్దులు వీధికి వినపడేలా చదివాడు. ఆ వాక్యం దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి దాటేశాడు. సుకుమారి సంతకానికి పెన్ను అందుకుంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఉండు. ఆ మాట ఇంకోసారి చదువు నాయనా. అరుగు మీద అందరికీ వినపడాల."