చీమ ఎత్తున ఒక ఉదయం

అక్కకు పడుకోవడం తేలికే. లేవడంతోనే వచ్చింది చిక్కు.

అందరిలా నిలబడి ఫోటో తీయడం ఆమెకు రాదు. బోర్లా పడుకుని, ఇసుక సంచి మీద కెమెరా ఆనించి, గడ్డి మొదళ్ల దగ్గరి నుంచి తీస్తుంది. గడ్డిపోచ చెట్టంత కనబడాలి, గులకరాయి కొండలా నిలవాలి. వీధిలోవాళ్లు ఆమెకు చీమమ్మ అని పేరు పెట్టారు. ఆమె కోపగించుకోలేదు సరికదా, తెగ మురిసిపోయింది.

వచ్చే ఏడాది క్యాలెండరు వేయడానికి ప్రెస్సాయన పన్నెండు ఫోటోలు అడిగాడు. గిడ్డంగుల వెనకున్న పల్లపు నేల. ఒకే చోటు, ఒకే ఎత్తు, నెలకొక ఫోటో. పదకొండు అయ్యాయి. పదకొండుసార్లూ, మోకాళ్లు అరిగిపోయిన అక్కను చంకల కింద చేతులు వేసి లేపింది చెల్లెలే. సణుగుతూ లేపింది, అది వేరే సంగతి.

పన్నెండోది ఇవాళ తీయాలి. ఇవాళే ఏడున్నర బస్సుకు చెల్లెలి ప్రయాణం. బడిపిల్లల బట్టలు కుట్టే చోట పెద్ద టైలరుగా రమ్మని పొరుగూరి నుంచి పిలిచారు. యాభై రెండేళ్లకు దొరికిన మొదటి మంచి ఉద్యోగం. టికెట్టు చేతిసంచిలో ఉంది. కానీ ఆమె మనసులో ఇంకోటి ఉంది, ఎవరికీ చెప్పలేదు. ఈ పొద్దున అక్కకు చెయ్యివ్వకుండా చూస్తుంది. అక్క తనంతట తాను లేవలేకపోతే తను బస్సెక్కేది లేదు.

వీడ్కోళ్లంటేనే చెల్లెలికి దడ. నాన్నకు అలాగే చెయ్యి ఊపింది, మళ్లీ చూడలేదు.

దానికి తోడు, నెల రోజులుగా మధ్యాహ్నం పూట అక్క గది తలుపు గడియపడుతోంది. లోపలినుంచి దబ్బుదబ్బుమని చప్పుడు. ఏమిటంటే, "బీరువా సర్దుతున్నానే" అంటుంది. నేనింకా గడప దాటకముందే నా చోటు ఖాళీ చేస్తోందా అని చెల్లెలి మనసు చివుక్కుమంది.

ఆమె పెట్టె సర్దుకుని వచ్చేసరికి అక్క ముందే వెళ్లిపోయింది. వెలుగు ఎవరికోసమూ ఆగదు కదా. చెల్లెలు మంచులో గబగబా నడిచి గట్టు ఎక్కింది. కింద అక్క బోర్లా ఉంది. కదలడం లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. "అక్కా! అక్కోయ్!" అంటూ బురదలో పడి పరుగెత్తింది.

"ఆగవే! అక్కడే ఆగు! అడుగెయ్యకు!"

అప్పటికే పదడుగులు వేసేసింది. అక్క గంటనుంచి గురిపెట్టిన మంచు గడ్డి వరసంతా చెల్లెలి చెప్పుల కింద నలిగిపోయింది.

"నీకేదో అయిందనుకున్నాను..."

"ఫోటో తీసేదాన్ని పడుకోక ఏం చేస్తానే? బతికే ఉన్నానని తోక ఊపమంటావా?"

"పోనీ పక్కన తియ్యక్కా. ప్రెస్సాయనకేం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా."

చెల్లెలికి ఏడుపు తన్నుకొచ్చింది. వెళ్లిపోయే రోజునే ఏడాది కష్టాన్ని తొక్కేసింది. అక్క కెమెరా తెరలోకి చూసింది, సంచిని బెత్తెడు పక్కకు జరిపింది, మళ్లీ చూసింది.

"ఏడుపాపి ఇలా వచ్చి పడుకో."

"ఈ బురదలోనా? ప్రయాణానికని కట్టుకున్న చీరే!"

"పదకొండు నెలలు నిలబడి సణిగావు. ఒక్కసారి పడుకుని సణుగు."

చెల్లెలు ముక్కు మూసుకుని పడుకుంది. చన్నీళ్లు మోచేతులకు తగిలాయి. ముందు అంతా బూడిద రంగే. తర్వాత, జానెడు దూరంలో తన అడుగు జాడే కనిపించింది. అందులోకి నీరు మెల్లగా ఊరుతోంది. మంచు పలచబడింది. సూర్యుడు నేలను రాసుకుంటూ వచ్చాడు. చుట్టూ ఇంకా చీకటిగానే ఉంది, ఆ అడుగులోని నీళ్లు మాత్రం ముందు పసుపై, తర్వాత ఎర్రబడి, అంతలో చెరువులా ఆకాశమంతటినీ లోపలికి తీసుకున్నాయి. అంచున వంగిన గడ్డిపోచ మీద ఒక్క చుక్క వెలిగింది. ఒక నత్త కొండదారి పట్టినట్టు ఆ గట్టు వెంట బయల్దేరింది.

కెమెరా టకటకమంది. రెండు నిమిషాలు, అంతే. ఎండ తెల్లబడి, చెరువు మళ్లీ చెప్పు గుర్తయింది.

"ఏడాదికి ఒక్కసారైనా బొమ్మలోకి వచ్చావు" అంది అక్క.

"సరేగానీ, ఇద్దరమూ కిందే ఉన్నాం. లేపేదెవరు?"

నవ్వుతూనే అడిగింది గానీ, చెల్లెలి కళ్లు అక్క మోకాళ్ల మీదే ఉన్నాయి. అక్క పక్కనున్న చెక్కపెట్టె దగ్గరికి పాకింది. లెన్సులు పెట్టుకోవడానికి అని పోయిన నెల చేయించిన పెట్టె. రెండు చేతులూ దానిమీద ఆనించి, కుడికాలు మడిచి, ఊపిరి బిగబట్టింది. పెట్టె దబ్బుమంది. చెయ్యి జారింది.

చెల్లెలి చెయ్యి తనంతట అదే ముందుకు పోయింది. ఆమె దాన్ని వెనక్కి లాక్కుని చీర కొంగులో బిగించి పట్టుకుంది.

మళ్లీ దబ్బుమంది. ఈసారి అక్క లేచి నిలబడింది, ఆయాసపడుతూ, మోకాళ్ల నిండా బురదతో.

"ఇదా నీ బీరువా సర్దడం?"

"మొదటివారం రోజూ గంటసేపు నేలమీదే ఉండిపోయాను. పిలుద్దామని నోటిదాకా వచ్చేది. పిలిస్తే నువ్వు ఆగిపోతావు."

అక్క చెయ్యి చాపింది. "లే. బస్సు ఏడున్నరకి."

బస్సులో పక్క సీటావిడ బురద చీర చూసి ఇంత దూరం జరిగింది. బస్సు కదిలింది. ఊపే చెయ్యి కోసం చెల్లెలు కిటికీలోంచి చూసింది. ఎక్కడా లేదు. తల ఇంకాస్త వంచింది. బస్టాండు నీటిమడుగు పక్కన అక్క బోర్లా పడుకుని, కదిలే బస్సు చక్రాలకు గురిపెట్టి ఉంది. అందరూ ఆమెను తప్పుకుని నడుస్తున్నారు.

చెల్లెలు అలవాటుగా సీట్లోంచి సగం లేచింది. అక్క పక్కన ఆ చెక్కపెట్టె కనబడింది. మళ్లీ కూర్చుంది.