ఫెర్రీ ఎక్కిన కుట్టుమిషను

ముందు బండి కదిలేదాకా మనం కదలకూడదు. ఇరవై ఏళ్ళుగా డ్రైవింగ్ మాస్టారు శిష్యులకి నూరిపోస్తున్న మాట ఇదే. అందుకే ఫెర్రీ టెర్మినల్లో ఓ ఆకుపచ్చ కారు వెనక బండి ఆపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు ఏడు కార్లు. ఒక్కటి కదిలితే ఒట్టు!

పక్క సీట్లో అత్తగారు. వెనక సీటు మడిచి, దానిమీద ఇనుప స్టాండుతో సహా అత్తగారి వాళ్ళమ్మ కుట్టుమిషను పడుకోబెట్టారు. పోతూ పోతూ ఆ అమ్మ మిషను చిన్నకూతురికి ఇమ్మంది. పెద్దకూతురైన అత్తగారికి దాన్ని వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. అంతే, అక్కచెల్లెళ్ళకి తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. మొన్న చెల్లెలే ఫోన్ చేసింది. "మిషను పట్టుకుని పదకొండింటి ఫెర్రీకి రా. రాలేదో, ఇక జన్మలో నీకు ఫోన్ చెయ్యను." ఆవిడ అన్నంత పనీ చేసే రకం.

"బాబూ, ముందు కార్లో మనిషి లేడు," అంది అత్తగారు.

"టీకి వెళ్ళుంటాడండీ."

"దాని ముందు కార్లోనూ లేడు."

"ఇద్దరూ కలిసే వెళ్ళుంటారు."

"ఏడుగురూనా?"

మాస్టారు వినిపించుకోలేదు. కారు నెత్తిన డ్రైవింగ్ స్కూల్ బోర్డు పెట్టుకున్నవాడు తప్పు లైన్లో నిలబడతాడా, చోద్యం కాకపోతే! ఆ బోర్డు చూసే కదా, వెనక ఇంకో ఐదు కార్లు నమ్మకంగా వచ్చి ఆగాయి.

పదకొండింటికి ఏడు నిమిషాలుందనగా చీపురు పట్టుకున్న ఒకావిడ వచ్చి అద్దం కొట్టింది. "ఎవరి కోసమండీ?"

"ఫెర్రీ కోసం."

"అయ్యో, ఇది స్టాఫ్ పార్కింగండీ, ముందంతా గోడే. ఈ కార్లు సాయంత్రం ఆరింటికి గానీ కదలవు."

మాస్టారి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. వెనక్కి తీద్దామంటే ఐదు కార్లు అడ్డం. వాటిల్లో ఆఖరి కారాయన నిజంగానే టీకి వెళ్ళాడు.

"ఇవ్వడం ఇష్టంలేకే రాలేదనుకుంటుంది బాబూ," అంది అత్తగారు. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అల్లుణ్ణి మాత్రం ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది మాస్టారికి.

దిగి డిక్కీ తీశాడు. ఆపసోపాలు పడి మిషను కిందికి దింపి నిలబెట్టాడు. స్టాండు కింద నాలుగు చిన్న చక్రాలున్నాయి.

"తొయ్యండత్తయ్యగారూ!"

తొమ్మిదేళ్ళు మూలన పడున్న మిషను కిర్రుమని కూడా అనకుండా జర్రున సాగింది. పసుపు గీతలు, తెల్ల గీతలు, ప్రవేశం లేదన్న బోర్డు, అన్నీ దాటేశారు. మలుపు దగ్గర మాత్రం మాస్టారు అలవాటు చొప్పున కుడిచెయ్యి చాచి సిగ్నలిచ్చాడు. ఎదురొచ్చే లారీ ఆగింది కూడా.

ర్యాంపు దగ్గర గేటతను అడ్డం నిలబడ్డాడు. "ఇది బండ్ల దారి. నడిచేవాళ్ళ గేటు మూసేశాం."

మాస్టారు రొప్పుతూ టికెట్టు చాపాడు. "ఒక బండి, ఇద్దరు మనుషులు. ఇదిగో బండి. కావాలంటే చక్రాలు లెక్కపెట్టుకోండి."

గేటతను వంగి నిజంగానే లెక్కపెట్టాడు. "నాలుగే," అని ఒప్పుకున్నాడు. "మరి హ్యాండ్ బ్రేకు?"

"నేనున్నానుగా," అంది అత్తగారు, స్టాండు గట్టిగా పట్టుకుని.

ఫెర్రీలో రెండు లారీల మధ్య పార్కింగ్ దొరికింది.

అవతలి ఒడ్డున చెల్లెలు గొడుగేసుకుని, దిగే ప్రతి కార్లోకీ తొంగిచూస్తోంది. ఆఖరి కారూ వెళ్ళిపోయింది. ఆవిడ మూతి బిగించి వెనక్కి తిరగబోయేసరికి ర్యాంపు మీద మిషను ప్రత్యక్షమైంది. ముందు లాగుతూ అక్క, వెనక సిగ్నలిస్తూ అల్లుడు.

చెల్లెలు అక్క మొహం చూడలేదు. వంగి పెడల్ నొక్కింది. చక్రం గిర్రున తిరిగింది.

"కుట్టావా దీనిమీద?"

"నీ మిషను మీద నేనెందుకు కుడతానే?"

"మరి తొమ్మిదేళ్ళూ నూనె వేసిందెవరు?"

అక్క తల దించుకుంది. చెల్లెలు గొడుగు అక్కడే పారేసి ఆవిణ్ణి వాటేసుకుంది. ఇద్దరూ చిన్నపిల్లల్లా ఏడ్చారు.

మాస్టారికీ కళ్ళు చెమర్చాయి. రుమాలు తీస్తే జేబులోంచి కారు తాళాలు జారి పడ్డాయి.

"చచ్చాం! మన కారు వాళ్ళ వెనక అడ్డంగా ఉండిపోయింది. ఆరింటికి ఆ ఏడుగురూ ఇళ్ళకెలా వెళ్తారండీ?"

అత్తగారు కళ్ళు తుడుచుకుని, చెల్లెలి చెయ్యి పట్టుకునే చెప్పింది. "కంగారు పడకు బాబూ. టీకి వెళ్తారులే."