దాలమ్మ గోడ

పొద్దున్నే వర్క్‌షాపు సైరన్ మోగగానే, బెంగాలీల ఊళ్ళో ట్రాఫిక్ అనే తెలుగువాళ్ళ రైల్వే కాలనీలో ఆడవాళ్ళంతా బిందెలు పట్టుకొని కుళాయి దగ్గర చేరేవారు. జోగమ్మ మాత్రం ముందు లోపలి గది గోడ చూసుకొని, ఆ తరవాతే బిందె ఎత్తుకునేది.

"ఇయ్యాల ఏటొచ్చింది, మీ కోడలు కాడినించి?" అని పక్క క్వార్టరు అన్నమ్మ అడిగేది.

"కోడిపెట్ట. తోకే మూరెడుంది."

"గుడ్డెట్టిందా?"

"ఎడితే నీకెందుకిస్తానే?"

కోడలు దాలమ్మ రైల్లో ఒక రాత్రి ప్రయాణం దూరాన పిచ్చాసుపత్రిలో ఉంది. పురిట్లో బిడ్డ పోయాక ఆమెకు నిద్ర కరువైంది. లేచి వెళ్ళి పట్టాల మీద కూచునేది. వర్క్‌షాపులో పనిచేసే మొగుడు తవిటయ్య భయపడి అక్కడ చేర్చాడు. అక్కడ గోడ మీద ఆమె ఇటికముక్కతో ఏది గీస్తే అది ఇక్కడ ఈ గోడ మీద తేలేది. సున్నం వేసే బెంగాలీ దాదా వచ్చినప్పుడల్లా, "ఈ గోడ వదిలెయ్యనా, మాసీ?" అని అడిగి, మిగతావాటికి వేసి పోయేవాడు.

తవిటయ్య మొదట్లో ఒకసారి చూడ్డానికి వెళ్ళాడు. ఆమె మందు మత్తులో నిద్రపోతోంది. ఎప్పుడడిగినా ఇక్కడే ఉంటానంటోందని డాక్టరు చెప్పాడు. తవిటయ్య మనసు విరిగిపోయింది. మళ్ళీ వెళ్ళలేదు.

రెండేళ్ళు గడిచాయి. "ఇల్లొద్దన్నదాన్ని ఎన్నాళ్ళు సూస్తావురా?" అంది జోగమ్మ. "పలాసలో పిల్లుంది. ఆదివారం ఆళ్ళ మేనమామొస్తన్నాడు. మాటిచ్చేద్దుం."

ఆ వారమే గోడ మీద ఖాకీ బట్టల మనిషి వచ్చాడు. చేతిలో టిఫిన్ క్యారేజీ ఉంది. వీపు ఇటు పెట్టి నడిచి పోతున్నాడు. మర్నాటికి అరచేయంత అయ్యాడు. ఆ మర్నాటికి చిటికెనవేలంత.

"నాను దూరవైపోతన్నానమ్మా దానికి," అన్నాడు తవిటయ్య, అన్నం కలుపుతూ.

"మంచిదేగా. నువ్వూ మర్సిపో."

శుక్రవారానికి ఆ మనిషి ఆవగింజంత అయిపోయాడు. తవిటయ్య వేలితో తడుముకొని వెతుక్కోవలసి వచ్చింది. తినే కంచం వదిలేసి పాసు రాయించుకొని రైలెక్కేశాడు.

ఆసుపత్రి వరండా గోడలనిండా బొమ్మలే. ఎవరి వాటా గోడ వాళ్ళకి వదిలేశారు నర్సమ్మలు. ఒక ముసలాయన అన్నీ పడవలే గీసేవాడు. ఆయనది పద్మానది అవతలి ఊరు. అక్కడ ఆయనింటి గోడ మీద పడవలు తేలుతున్నాయో లేదో చూసి చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. ఆ వరసలో చివర దాలమ్మ కూచొని ఉంది.

"నీ ముందే అడుగుతాను, విను," అని తవిటయ్యతో చెప్పి, డాక్టరు ఆమె వైపు వంగి బెంగాలీలో మెత్తగా అడిగాడు. ఇంటికి పోతావా, ఇక్కడుంటావా, ఏది కావాలి?

దాలమ్మ తలెత్తి, "ఏటి?" అంది.

"విన్నావుగా? ఇదే కావాలంటోంది."

తవిటయ్యకు అప్పుడు తట్టింది. బెంగాలీలో 'ఎటి' అంటే 'ఇది'. కాపరానికి వచ్చిన కొత్తలో గోల్‌బజారులో దాలమ్మ ఏటి, ఏటి అని అడుగుతుంటే కూరలవాడు సంచి నిండా కాకరకాయలు పోసేశాడు. వారమంతా వాళ్ళు చేదే తిన్నారు.

"డాక్టర్‌బాబూ, అది జవాబు కాదండి. మీరన్నది తెలీక ఏంటని అడుగుతోందండి."

డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. "ఇన్నాళ్ళూనా?" అన్నాడు చాలా చిన్నగా.

తవిటయ్య ఆమె ముందు గొంతుక్కూచున్నాడు. "దాలమ్మా, ఇంటికొస్తావేటే?"



"ఏటి? ఇప్పుడా అడగడం?" అని ఇటికముక్క తీసి అతని మీద విసిరింది. తరవాత చీర మార్చుకోడానికి లేచింది.

ఆదివారం పొద్దున్న పలాస నుంచి పిల్ల మేనమామ వచ్చాడు. జోగమ్మ మంచినీళ్ళిచ్చి, గోడ చూపించి సంగతి చెప్పింది. ఆవగింజ ఇటు తిరిగింది. దాని పక్కన ఇంకో గింజ. గీసేవాళ్ళు లేకుండానే, చూస్తుండగానే రెండూ పెరుగుతున్నాయి.

ఆయన దగ్గరకొచ్చి చూశాడు. "ఎందాకొచ్చారంటావు?"

"సింతగింజంతయ్యారు. బోజనాల ఏళకి దిగుతారు." జోగమ్మ కొంగుతో మొహం తుడుచుకొని పొయ్యి వైపు తిరిగింది. "ముగ్గురికే ఎసరెట్టినాను, నాయినా. ఏటీ అనుకోకు."