వెనకనుంచి తుడవాలి

ఆ సంఖ్యలో చివరి మూడు తుడిచేసినా పగలదు, దాని ముందున్న మూడు తుడిచినా పగలదు, ఇప్పుడెందుకీ లెక్క, పుత్తూరులో ఎముకలు కట్టే ఏకాంబరం గారి వరండాలో, ఆకుపసరు వాసనలో, పక్కనే మా ఆయన వాచిన మణికట్టును ఒళ్లో పెట్టుకుని గోడమీది బల్లిని చూస్తున్నారు, పొద్దున స్నానాలగదిలో జారిపడ్డారు, ఎలా పడ్డారండీ అంటే ఎవరు పడిందని నన్నే అడిగారు, చిత్తూరు కాలేజీలో జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, పెళ్లయిన కొత్తలో గచ్చుమీద సుద్దముక్కతో 73939133 అని రాసి, సూడు మునీ, ఇది ప్రధాన సంఖ్య, ఒకటీ అదీ తప్ప ఇంకేదీ దీన్ని సమంగా పంచలేదు, యెనకనుంచి ఒక్కో అంకే తుడస్తా పో, మిగిలిందాన్ని గూడా ఏదీ పంచలేదు, ఒంటి ఏడు మిగిలేదాకా అంతే, ఇట్లాంటివాట్లో ఇదే అన్నిటికన్నా పెద్దది అని మురిసిపోయారు, నేను ఊరుకోక ముందున్న ఏడును తడిచేత్తో చెరిపేశాను, అయ్యో, పదకొండొచ్చి పంచేసింది గదమ్మే అని ఎంత నవ్వారో.

జబ్బు కూడా ఆయన్ని వెనకనుంచే తుడుస్తోంది, నిన్నటి అన్నం పోయింది, రిటైరైన సంగతి పోయింది, మా అమ్మాయి పల్లవి పెళ్లి పోయింది, తిరుపతిలో మేం కట్టుకున్న ఇంట్లోనే కూర్చుని పొద్దుగూకితే ఇంటికి పోదాం పదమంటారు, నా వంతు ఎప్పుడొస్తుందోనని రోజూ ఆయన కళ్లలోకి చూడటమే నా పనైంది, భయం, వట్టి భయం, మమ్మల్ని లోపలికి పిలిచారు, ఏకాంబరం గారు ఆయన చెయ్యి అందుకుని మాటల్లో పెట్టారు, ఈయమ్మ మీకేమైతాది సామీ, ఆయన నన్ను తేరిపార చూశారు, మా అక్క కూతురబ్బా అన్నారు, కటుక్కున ఎముక సర్దుకుంది, అరిచింది మాత్రం నేను.

అబద్ధం కాదు కదా, మా అమ్మకు తమ్ముడే, మేనమామనే చేసుకున్నాను, అయినా కాపురం, కాన్పు, కొట్లాటలు, కలిసి తాగిన కాఫీలు, అన్నీ ఆ ఒక్క మాటతో పోయాయి, గుండె చెరువైపోయింది, ఏకాంబరం గారు తెల్లసొన పూసిన గుడ్డ చుడుతుంటే ఆయన నావైపు వంగి, ఏం పాపా, కండ్లల్లో నీళ్లు, నీకు గూడా దెబ్బ తగిలుండాదా అంటున్నారు, అమ్మ పురిటికొస్తే బంగారుపాళ్యంలో వాళ్లింట్లోనే నేను పుట్టాను, నా ఉయ్యాల ఊపింది ఇప్పుడు కట్టు కట్టించుకుంటున్న ఈ చెయ్యే, కాలేజీవాళ్ల భార్యలు నవ్వుతున్నారని పెళ్లయ్యాక మానేసిన పిలుపు నోట్లోకొచ్చింది, లేదు మామా అన్నాను, ఆయన ముఖం తేటపడింది, భార్యగా నన్ను తుడిచేశారు, ఇక తిరిగి రాయరు, దీనికి నేను బతికినన్నాళ్లూ కుమిలిపోతాను, కానీ మొదటి అంకె చెరగలేదు, అందులో నేనున్నాను.