కదలని బండ్ల లెక్క

ముప్పై ఏళ్లుగా నాది ఒకటే పని. రోడ్డు పక్కన కుర్చీ వేసుకుని, పోయే బండ్లను లెక్కపెట్టడం. నవ్వకండి. వంతెన కట్టాలన్నా, సిగ్నల్ పెట్టాలన్నా, ఊరి ప్లాను మార్చాలన్నా ముందు మాలాంటివాళ్లు వచ్చి కాగితం మీద గీతలు గీయాల్సిందే. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డం. కెమెరాలు వచ్చాక సగం పని పోయింది గానీ, కృపావరం లెక్క కెమెరా లెక్క కంటే నయమని కంపెనీలవాళ్లే అనేవాళ్లు. ఆ మాటకి పొంగిపోయేవాణ్ణని ఒప్పుకుంటాను.

మొన్న ఏప్రిల్లో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మూడు రోజులు లెక్కపెట్టాం. పని ఇచ్చింది ఒక సర్వే కంపెనీ. అవసరం మాత్రం మనకు పడమటనున్న మొగిలికుంట నగరానిది. వాళ్ల మాస్టర్ ప్లాన్లో తోటలని రాసి ఉన్న నేలంతా వ్యాపార భవనాలకు మార్చేద్దామనుకున్నారు. ఆ చుట్టుపక్కల ముప్పై అంతస్తులవి కొన్ని అప్పటికే లేచి కూర్చున్నాయి. అక్కడ పనిచేసేవాళ్లు ఇళ్లకు పోవాలంటే చాలామందికి అమీర్‌పేట, పంజాగుట్ట మీదుగానే దారి. అద్దెలు వాళ్లకి, హారన్లు మనకి. మన రోడ్డు ఇంకెన్ని బండ్లను మోయగలదో చూపించమన్నారు.

పోయినేడాది సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా సిగ్నల్ దాటినవి ఆరువేల నాలుగొందలు. ఈ ఏడాది అయిదువేల ఎనిమిదొందలు. నా లెక్కలో ఒక్క గీత తప్పు లేదు. సంతకం పెట్టి ఇచ్చాను. దాన్ని పట్టుకుని కంపెనీ రిపోర్టు రాసింది. పంజాగుట్టలో రద్దీ తగ్గుతోందట, కొత్త టవర్లతో ఏ ఇబ్బందీ ఉండదట.

రిపోర్టులో నా పేరు అచ్చయింది. నేను ఊరుకుంటానా? జిరాక్సు తీయించి నూరున్నీసాకి చూపించడానికి పోయాను.

నూరున్నీసా ఆ చౌరస్తాలో ట్రాఫిక్ హోంగార్డు, మా అందరికీ ఆపా, అంటే అక్క. పదకొండేళ్ల సర్వీసు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆర్టీసీ బస్సును ఒక్క చెయ్యెత్తి ఆపుతుంది. చుట్టూ పెద్దాసుపత్రులు కదా, అంబులెన్సు కూత వినపడితే చాలు, కదలడానికి చోటే లేని కార్లను ఎలా జరుపుతుందో గానీ జరుపుతుంది. రోజా ఉపవాసాలుండే నెలలో కూడా మిట్టమధ్యాహ్నం ఆవిడ నీడకు పోగా నేను చూడలేదు. నేను కనుక ఆఫీసరునైతే ఆ చౌరస్తాకి ఆవిడ పేరే పెట్టేవాణ్ణి.

కాగితం మొత్తం చదివి తలెత్తింది.

"తగ్గిందా? ఎవరు చెప్పిన్రన్న?"

"నేనే ఆపా. కింద సంతకం చూడు."

"నువ్వు లెక్కపెట్టింది సిగ్నల్ దాటినయి గదా?"

"మరి?"

"దాటనియి ఎవరు లెక్కపెడ్తరు? గ్రీన్ పడ్తది, ముంగట ఖైరతాబాద్ దిక్కు జాగా ఉండది, పది బండ్లు పోతయి, మల్ల రెడ్. జామ్ ఎంత పెరిగితే నీ లెక్క గంత తగ్గుతది."

"నా లెక్కలో తప్పు లేదు" అన్నాను, గొంతు కొంచెం పెంచే.

"లెక్క తప్పని ఎవరన్నరు అన్న? నువ్వు కూసున్న జాగ తప్పు. నువ్వు తల కాడ కూసున్నవ్. ఆగిన బండ్ల తోక ఏడుందో చూసినవా?"

ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ చూడలేదు. నా కుర్చీ ఎప్పుడూ స్టాప్ లైన్ పక్కనే. ఫారంలో గడి ఉన్నది దాటిన బండ్లకే, లెక్కపెట్టిందీ వాటినే.

అప్పుడు ఆవిడ తన ఫోన్ తీసి వినిపించింది. అరవైమంది అంబులెన్సు డ్రైవర్లున్న వాట్సాప్ గ్రూపు అది. డ్యూటీలో ఉన్నంతసేపూ పావుగంటకోసారి ఆవిడ అందులో గొంతు రికార్డు చేసి పంపుతుంది. మెట్రో పిల్లర్లకు నంబర్లుంటాయి కదా, ఇక్కడివాళ్లు అడ్రసు చెప్పుకునేదే వాటితో. "తోక నలభై నాలుగు కాడ ఉన్నది", "తోక యాభై ఒకటి", ఇంతే, నంబరులో చివరి రెండంకెలు. అమీర్‌పేట దాకా దారి పొడవునా పూలబండ్లవాళ్లు, షాపులవాళ్లు ఫోన్ చేసి ఆవిడకు చెబుతారు. అది విని డ్రైవరు మెయిన్ రోడ్డున రావాలో, ముందే గల్లీలోకి తిరగాలో తేల్చుకుంటాడు. ఎవరూ చెప్పలేదు, ఏ పై అధికారి ఆర్డరూ లేదు. రెండేళ్ల క్రితం సమద్ అనే డ్రైవరు బండిలో పేషెంటుతో ముప్పావుగంట ఇరుక్కున్నాడట. ఆ మర్నాడు మొదలుపెట్టింది.

"ఆ పేషెంటు?" అని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

రెండేళ్ల గొంతులూ అందులో భద్రంగా ఉన్నాయి, తారీఖు, టైముతో సహా. వారం రోజులు కూర్చుని విన్నాను. మా అమ్మాయి జాయ్సీ టైపు చేసింది. పోయినేడాది సాయంత్రం ఆరింటికి తోక ముప్పై ఎనిమిది దగ్గర ఉండేది. ఈ ఏడాది అరవై ఒకటి, అంటే ఇరవై మూడు పిల్లర్లు వెనక్కి. నమ్మకం చాలక నేనే నాలుగు సాయంత్రాలు పిల్లర్ల వెంట నడిచి చూశాను. ఒక్క నంబరు అటూ ఇటూ, అంతే. నా చదువు, నా ఫారాలు, నా ముప్పై ఏళ్లు పట్టుకోలేనిది ఆవిడ రోడ్డు మధ్య నిలబడి పట్టుకుంది. సిగ్గేసింది, అంతకంటే ఎక్కువ ముచ్చటేసింది.

మొగిలికుంటలో అభ్యంతరాలు వినే రోజు దగ్గరపడింది. ఆ రోజు గడిస్తే ప్లాను ఖాయం. ఆవిడ మాట్లాడతానంది. నేనూ పోవాలి. పోతే ఏమవుతుందో నాకు తెలుసు. నా సంతకమున్న లెక్క పనికిరాదని నేనే చెప్పాలి. ఏ కంపెనీ మళ్లీ పిలవదు. కృపావరం లెక్క అనే మాట ఆ రోజుతో సరి. నాకున్న ఆస్తి ఆ ఒక్క మాటే.

ఆ రోజు హాల్లో అధ్యక్షత వహించింది హైందవి అనే అధికారి. నూరున్నీసా యూనిఫాం లేకుండా, సెలవు పెట్టుకుని, మామూలు మనిషిలా వచ్చింది. తోక సంగతి చెప్పింది. గొంతులు వినిపించింది. కంపెనీ మేనేజరు లేచాడు.

"మేడమ్, ఇవి వాట్సాప్ మెసేజీలు. సర్వే కాదు. మా దగ్గర అర్హత ఉన్న సర్వేయరు సంతకం చేసిన లెక్క ఉంది."

అధికారి తల ఊపింది. సరిగ్గా అప్పుడే నూరున్నీసా చేతిలో ఫోన్ మోగింది. ఆపేలోపు ఇంకొకటి. ఆపైన వరసగా. కంగారులో ఏదో నొక్కింది, ఒక గొంతు హాలంతా వినబడింది.

"ఆపా, తోక ఏడున్నది? బండిల పాప ఉన్నది, జర జల్ది చెప్పు."

నూరున్నీసా సంచీ భుజానికి తగిలించుకుంది.

"మాఫ్ చెయ్యండ్రి మేడమ్. నేను ఈడ ఉంటే ఆడ చెప్పెటోళ్లు లేరు. నేను పోతున్న."

షాపులవాళ్లకు ఫోన్ కలుపుతూనే వెళ్లిపోయింది. అధికారి తలుపు వంక చూసి, "ఈ మెసేజీలు నిజమని చెప్పగలిగే సర్వేయరు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

లేచాను.

"నేనున్నానమ్మా. నాలుగు రోజులు నడిచి సరిచూశాను. ఆ రిపోర్టు కింద ఉన్న సంతకం కూడా నాదే."

"రెండూ మీవే అయితే నేను దేన్ని నమ్మాలి?"

"మొదటిది దాటినవాళ్ల లెక్క. అందులో ఆగిపోయినవాళ్లు లేరు. రద్దీ తగ్గిందనడానికి అది పనికిరాదు. అది కూడా రాసిస్తాను, కాగితం ఇవ్వండి."

రాసిచ్చాను. అధికారి రెండుసార్లు చదివింది. వరస పొడవు కొలిచి కొత్తగా లెక్క తీసేదాకా ప్లాను ముందుకు పోకూడదని రాయించింది. మెట్ల దగ్గర మేనేజరు నన్నాపి, "ఇంకెక్కడా నీకు పని దొరకదు కృపావరం" అన్నాడు. తెలుసన్నాను.

అమీర్‌పేటలో మెట్రో మారి కిటికీ పక్కన నిలబడ్డాను. కింద రోడ్డంతా బండ్లే. చివరి బండి ఏ పిల్లర్ దగ్గరుందో చూసి, నూరున్నీసాకి ఫోన్ చేశాను.

"ఆపా, తోక యాభై ఎనిమిది."

"నువ్వే చూసినవా?"

"నేనే చూశాను."

ఫోన్ పెట్టేసింది. గొంతులు విన్న ఆ వారమే నన్ను కూడా గ్రూపులో చేర్చింది కదా, నిమిషంలో నా ఫోన్ మోగింది. అరవైమంది డ్రైవర్లతో పాటు నేనూ విన్నాను.

"తోక యాభై ఎనిమిది కాడ ఉన్నది. కృపావరం అన్న లెక్క. నమ్మి రండ్రి."