మామగారి తోలుపట్టీ

సెలూన్ తెరిచిన రోజున మామగారు తన గడ్డం కత్తినీ, దానికి పదును పెట్టుకునే తోలుపట్టీనీ అల్లుడి చేతిలో పెట్టారు. నలభై ఏళ్ళు గడ్డాలు గీసిన మనిషి ఆయన. అల్లుడు రెండింటినీ కళ్ళకద్దుకుని, కత్తిని సొరుగులో పడేసి, పట్టీని నీళ్ళ హీటరు పక్కన మేకుకి తగిలించాడు. ఆ తర్వాత ఆరేళ్ళు వాడి పారేసే బ్లేళ్ళతోనే హాయిగా గడిపేశాడు.

ఒక సోమవారం మామగారు ఫోన్ చేశారు. ఆదివారం వస్తున్నాననీ, ఆ కత్తితోనే అల్లుడి చేత గడ్డం గీయించుకుంటాననీ చెప్పారు.

పట్టీని దించి చూస్తే అట్టముక్కలా బిగుసుకుపోయి ఉంది. నిండా దుమ్ము, ఒక అంచున చిన్న గాటు. అల్లుడు కంగారుగా సెలూన్ వెనకే ఉన్న వంటింట్లోకి వెళ్ళి నూనె సీసా అందుకున్నాడు. భార్య అడ్డం వచ్చింది.

"దాన్ని వేయించబోతున్నారా?"

ఆవిడ తండ్రి దుకాణంలో పెరిగింది. బాగా పిండిన గుడ్డకి కాస్త సబ్బు రాసి పట్టీని తుడిచింది. రెండు రోజులు నీడలో ఆరబెట్టింది. గాటు దగ్గర లేచిన తోలుని సన్నటి గరుకు కాగితంతో నునుపు చేసింది. చెప్పులు కుట్టేవాడి దగ్గర తెచ్చిన తోలునూనె రెండే చుక్కలు అరచేత్తో పట్టించింది. అక్కణ్ణుంచి తీరిక దొరికినప్పుడల్లా వట్టి అరచేత్తో రుద్దుతూనే ఉంది.

ఈలోగా మొగుడు వచ్చిన ప్రతివాడికీ తోలుకి ఎంత ఓపిక కావాలో చెప్పుకొచ్చాడు. శనివారానికల్లా ఆ పనంతా తనే చేశానని నమ్మేశాడు కూడా.

ఆదివారం మామగారు సెలూన్‌కి వచ్చి పట్టీని వంచి చూశారు, వాసన చూశారు.

"బాగా చేశారల్లుడుగారూ. నూనె ఎంత పట్టింది?"

అల్లుడు భార్య వైపు చూశాడు. ఆవిడ ఒకే తువ్వాలుని మూడోసారి మడత పెడుతోంది.

"పావు సీసా, మామయ్యా."

మామగారు తల ఊపి, ఎన్నాళ్ళు ఆరబెట్టారని అడిగారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మూడు రోజులని జవాబు వచ్చింది. భార్యకి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. మామగారు ఇంకేమీ అడగకుండా కుర్చీలో వాలి కళ్ళు మూసుకున్నారు.

అల్లుడు పట్టీని లాగిపట్టి, కత్తిని అంచు ముందుకి పెట్టి ఒక్క తోపు తోశాడు. కీచుమంది.

"ఆగండి," అన్నారు మామగారు, కళ్ళు తెరవకుండానే. "అది తోలు. గడ్డం ఇక్కడుంది. కత్తి మా అమ్మాయికివ్వండి."

ఆవిడ కత్తి వెన్ను ముందు నడిచేలా, అంచు వెనక వచ్చేలా పట్టీ మీద ముప్పైసార్లు అటూ ఇటూ నడిపింది. తండ్రి గడ్డం గీసింది. తమ వంతు కోసం కూర్చుని ఉన్న ముగ్గురు పేపరు చదవడం మానేశారు.

మామగారు చెంప తడుముకున్నారు.

"నీ పదిహేనేళ్ళప్పుడు నీ చేతిలోంచి కత్తి లాక్కున్నాను," అన్నారు. "నలుగురూ ఏమనుకుంటారో అని. నా బుద్ధితక్కువ."

కూర్చున్నవాళ్ళలో ఒకాయన, తనకీ అమ్మాయిగారే గీస్తారా అని నెమ్మదిగా అడిగాడు.

నెల తిరిగేసరికి సెలూన్‌లో రెండో కుర్చీ వెలిసింది. భార్యలోని విద్యని మొదట కనిపెట్టింది తానేనని మొగుడు ఇప్పుడు అందరికీ చెబుతున్నాడు. మధ్యాహ్నాలు మాత్రం తలుపు మూసి, ఆవిడ దగ్గర పదును పెట్టడం నేర్చుకుంటున్నాడు. కత్తికి బదులు గరిటె, పట్టీకి బదులు తన నడుం బెల్టు. రెండు చేతులకీ పనుంటుంది కనక, ప్యాంటు జారకుండా చూసుకోవడమే ఆ పాఠంలో కష్టమైన భాగం.